అన్నం లెక్క తేలాకే బరువు లెక్క

ఒడిశాలోని పర్లాకిమిడిలో బట్టల కొట్టు నడిపే మా వదిన నాలుగు నెలలు ఫోన్‌లో యాప్ చెప్పినట్టే తిన్నారు. రోజుకు 1,540 క్యాలరీలు. తిన్నదల్లా రాసుకున్నారు, పండగ రోజున కూడా దాటలేదు. బరువు మాత్రం 72 కిలోల దగ్గరే ఉండిపోయింది. "నా ఒళ్లే ఇంతమ్మా" అని ఆవిడ అంటుంటే నాకు బాధేసింది. తప్పు ఆవిడ ఒంట్లో లేదు, లెక్కలో ఉంది.

1990లో వచ్చిన మిఫ్లిన్-సెయింట్ జియోర్ సూత్రాన్నే చాలా యాప్‌లు వాడతాయి. బరువును కిలోల్లో 10తో, ఎత్తును సెంటీమీటర్లలో 6.25తో గుణించి రెండూ కలపాలి. అందులోంచి వయసుకు ఐదు రెట్లు తీసేయాలి. ఆడవాళ్లకైతే ఇంకో 161 తీసేయాలి, మగవాళ్లకైతే 5 కలపాలి. వదిన ఎత్తు 155 సెంటీమీటర్లు, వయసు 42. వచ్చింది సుమారు 1,318. రోజంతా కదలకుండా పడుకున్నా ఒళ్లు ఖర్చుపెట్టే శక్తి అది. దాన్ని మనం చేసే పనిని బట్టి 1.2, 1.375, 1.55 ఇలా ఏదో ఒక అంకెతో గుణిస్తారు.

తేడా అక్కడే వచ్చింది. ఎంత శ్రమ చేస్తారని యాప్ అడిగితే వదిన 'ఓ మోస్తరు' అని నొక్కారు. ఎందుకు నొక్కరు? తెల్లారి ఐదింటికి లేచి ఇల్లు ఊడ్చి, వంట చేసి, తొమ్మిదింటికి కొట్టు తెరిస్తే రాత్రి ఎనిమిదికి గానీ ఇంటికి రారు. ఆ అలసట నిజం. కానీ కొట్లో ఎక్కువసేపు కూర్చునే ఉంటారు. యాప్ 1.55తో గుణించి 2,040 అంది, అందులోంచి 500 తీసేసి 1,540 చేతిలో పెట్టింది. కూర్చుని చేసే పనికి వాడే 1.2తో గుణిస్తే రోజు ఖర్చే 1,580. తగ్గడానికని ఇచ్చిన అంకె, ఆవిడ రోజూ ఖర్చుపెట్టే దానికి దాదాపు సమానం. ఇంక బరువు ఎక్కడ తగ్గుతుంది?

గజపతి, రాయగడ, గంజాం జిల్లాల్లోని మన తెలుగు ఇళ్లలో ఇలాంటి పొరపాటు చాలా తేలిగ్గా జరుగుతుంది. మా తాతలు మడి దున్ని తిన్న కంచాన్నే మేం గల్లాపెట్టె దగ్గర కూర్చుని తింటున్నాం. పని మారింది, కంచం మారలేదు.

ఒక ఆదివారం వదిన వంటింట్లో చిన్న త్రాసు పెట్టి కూర్చున్నాను. ముగ్గురు మనుషులకు రోజుకు 900 గ్రాముల బియ్యం పడుతున్నాయి. ఆవిడ వాటా 300 అనుకుంటే ఒక్క బియ్యం నుంచే వెయ్యికి పైగా క్యాలరీలు. రోజు తిండిలో మూడింట రెండొంతులు అదే. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన మార్గదర్శకాల్లో ధాన్యాల వాటా 45 శాతం దాటొద్దని ఉంది. ఉప్పుడు బియ్యమైనా పచ్చి బియ్యమైనా క్యాలరీల్లో చెప్పుకోదగ్గ తేడా లేదు.

త్రాసు పెట్టాక ఇంకొకటి తెలిసింది. వండిన అన్నాన్ని తూచి రాసుకుంటే మోసపోతాం. ఆరోజు 100 గ్రాముల బియ్యం వండితే 280 గ్రాముల అన్నమైంది. అదే రాత్రి నీళ్లు పోసి ఉంచితే, పొద్దున్నకు ఇక్కడి వాళ్లు పఖాళ అనే చద్దన్నం అవుతుంది. గిన్నె బరువులో సగం నీళ్లే. దాన్ని అన్నమని రాస్తే లెక్క ఎక్కువ పడుతుంది, వదిలేస్తే తక్కువ పడుతుంది. అందుకే నా సలహా ఒక్కటే: పొయ్యి మీద పెట్టకముందు బియ్యాన్ని తూచండి, పప్పునూ అంతే. నూనెను నెల లెక్కన చూడండి. ముగ్గురికి నెలకు మూడు లీటర్లు అయితే మనిషికి రోజుకు 30 గ్రాములు, అంటే 270 క్యాలరీలు. సాయంత్రం బండి దగ్గర తినే బారా (వడ) ఇందులో లేదు.

ఇప్పుడు లక్ష్యం. వదినకు రోజుకు 1,250 అనుకున్నాం. అంతకంటే తగ్గిస్తే నీరసం తప్ప మిగిలేదేమీ లేదు. ముందు ప్రోటీన్ తేల్చుకోవాలి. మామూలు మనిషికి కిలో బరువుకు 0.83 గ్రాములు చాలని జాతీయ పోషకాహార సంస్థ 2020 లెక్క. బరువు తగ్గేటప్పుడు కండ కరిగిపోకుండా ఉండాలంటే ఇంకొంచెం కావాలి. ఆవిడ ఎత్తుకు తగిన బరువు 55 కిలోల చుట్టూ ఉంటుంది కాబట్టి 70 గ్రాములు పెట్టుకున్నాం. గ్రాముకు 4 చొప్పున 280 క్యాలరీలు. కొవ్వు 40 గ్రాములు, గ్రాముకు 9 చొప్పున 360. మిగిలిన 610 పిండి పదార్థానికి, అంటే 150 గ్రాములు.

కంచంలోకి వచ్చేసరికి అది ఇలా తేలింది: బియ్యం 100 గ్రాములు, కందిపప్పు గానీ ఉలవలు గానీ 60, రెండు గుడ్లు, చేప ఓ 150 గ్రాములు, రెండు చిన్న కప్పుల పెరుగు, నాలుగు టీ చెంచాల నూనె, కడుపు నిండా కూరగాయలు. మూడొందల గ్రాముల బియ్యం వందకు దిగడం చిన్న మాట కాదు. వదిన ఒక్కసారిగా దిగలేదు, వారానికి యాభై చొప్పున తగ్గించారు. రాత్రి అన్నం మానడమే అన్నిటికంటే కష్టమైందన్నారు.

చోడి (రాగి) అంబలి సంగతీ చెప్పాలి. 2017లో ఒడిశా మిల్లెట్స్ మిషన్ మొదలయ్యాక మండియాకు (ఒడియాలో చోళ్ల పేరు) మళ్లీ గౌరవం వచ్చింది, నాకు అది చాలా సంతోషం. కానీ చోళ్లు తింటే సన్నబడతారన్నది నిజం కాదు. 100 గ్రాముల చోడి పిండిలో 320 క్యాలరీలు ఉంటాయి, ప్రోటీన్ ఏడు గ్రాములే, ఇంచుమించు బియ్యమంతే. గొప్పదనం కాల్షియంలో, పీచులో ఉంది. గ్లాసు అంబలిలో ముప్ఫై గ్రాముల పిండే పడుతుంది కాబట్టి అది తేలిక. అదే పిండి ముద్ద కట్టి తింటే లెక్క మారిపోతుంది.

నాకు నిజంగా కోపం తెప్పించేది వేరే ఉంది. 2013 ఆహార భద్రతా చట్టం కింద రేషన్ కార్డున్న చాలా ఇళ్లలో మనిషికి నెలకు అయిదు కిలోల ధాన్యం వస్తుంది. మాకు అందేది ఎక్కువగా బియ్యమే. ఆ చట్టం ఇచ్చే రేషన్‌లో పప్పుకు హక్కు లేదు, గుడ్డుకు లేదు. చవకగా దొరికేది పిండి పదార్థం, కొనుక్కోవలసింది ప్రోటీన్. వదిన కొనగలిగారు. ఆవిడ కొట్లో పనిచేసే అమ్మాయికి ఇదే చీటీ రాసిస్తే ఏం లాభం? ఆ అమ్మాయి దగ్గర నేను మొదలుపెట్టేది ఉలవల నుంచి, మనకు దొరికేవాటిలో అంత చవకగా వంద గ్రాములకు ఇరవై గ్రాముల పైన ప్రోటీన్ ఇచ్చేవి తక్కువ. ఇదే జిల్లా కొండ మీది ఊళ్లలో తిండి చాలక చిక్కిపోయిన పిల్లలూ ఉన్నారు. బరువు తగ్గే చీటీ అందరికీ పంచిపెట్టేది కాదు. గర్భిణులు, పాలిచ్చే తల్లులు, కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లు దీని జోలికి పోకూడదు. సుగర్ మాత్రలో ఇన్సులినో వాడేవాళ్లు డాక్టర్‌ని అడగకుండా అన్నం తగ్గిస్తే సుగర్ పడిపోయి కళ్లు తిరగవచ్చు.

ఏ సూత్రమైనా అంచనాయే. వారానికోసారి, పొద్దున ఒకే వేళకు, ఒకే బట్టలతో తూచుకుని మూడు వారాలు చూడాలి. అరకిలో చొప్పున దిగకపోయినా, కొద్దికొద్దిగా దిగుతుంటే అంకె సరైనదే. వదిన ఇప్పుడు 66. ఆరు కిలోలు తగ్గిన ఒంటికి రోజు ఖర్చు కూడా 70 క్యాలరీల దాకా తగ్గుతుంది, కాబట్టి లెక్క మళ్లీ వేయాలి. నిన్న ఫోన్ చేసి, "వచ్చేటప్పుడు త్రాసుకి కొత్త సెల్లు పట్టుకురా" అన్నారు.