న్యూరస్తీనియా గారికి బహిరంగ లేఖ

మహారాజశ్రీ న్యూరస్తీనియా గారికి,

1980లో అమెరికా మానసిక వైద్యుల సంఘం తన రోగాల జాబితాలోంచి తమరి పేరు, అంటే నరాల నీరసమనే జబ్బు పేరు, కొట్టేసింది. శాలువా కప్పినవారు లేరు, సన్మానపత్రం చదివినవారు లేరు. ఇంత సేవ చేసినవారిని అలా పంపించడం మర్యాద కాదు కనుక, ఆ నాలుగు మాటలూ నేను చెబుతాను.

1869లో న్యూయార్కు వైద్యుడు జార్జ్ బియర్డ్ తమరికి పేరు తెచ్చిపెట్టారు. నరాల్లోని శక్తి ఖర్చయిపోతే మనిషి నీరసించిపోతాడని ఆయన సిద్ధాంతం. తలనొప్పి, అజీర్తి, నిద్రలేమి, దిగులు, ఏది వచ్చినా తమరి ఖాతాలోకే. 1881లో ఆయన ఐదు కారణాలు చూపించారు: ఆవిరియంత్రం, పత్రికలు, టెలిగ్రాఫు, విజ్ఞానశాస్త్రాలు, ఐదోది ఆడవాళ్ళు బుర్ర వాడటం. రైలును ఆపడం ఎవరి తరం? చేతికి చిక్కింది ఐదోదే.

ఫిలడెల్ఫియాలో నరాల వైద్యుడు సైలస్ వీర్ మిచెల్ గారి దగ్గర తమరి వైభవం చూడాలి. 1885లో ఓవెన్ విస్టర్ అనే హార్వర్డ్ పట్టభద్రుడు నలతగా ఉందంటే, అమెరికా పడమటి దిక్కున ఉన్న వ్యోమింగ్ వెళ్ళిరమ్మన్నారు. గుర్రపు స్వారీ, వేట, ఆరుబయట నిద్ర. ఆయన అక్కడ చూసిందంతా డైరీలో రాసుకుని, తరువాత పేరున్న నవలాకారుడయ్యారు.

అదే నలత ఆడవాళ్ళకు వస్తే మంచం. ఆరువారాల నుంచి రెండు నెలలు. చదవకూడదు, రాయకూడదు, కుట్టుపని చేయకూడదు, మొదట్లో లేచి కూర్చోకూడదు. రెండేసి గంటలకోసారి పాలు. అన్నం నర్సు తినిపిస్తుంది. రోగి సొంత చేతులతో చేసుకోదగ్గ పని ఒక్కటే, పళ్ళు తోముకోవడం! ఇది నా అతిశయోక్తి కాదు, మిచెల్ గారి పుస్తకంలోనిదే. ఇంత విశ్రాంతి కొందరికి చేదుమందులా ఉంటుందని, లేచి తిరగమంటే సంతోషంగా లేస్తారని కూడా ఆయనే రాశారు. విసుగెత్తించి నయం చేయడం నిజంగా కొత్త వైద్యమే.

1887లో అమెరికన్ రచయిత్రి షార్లెట్ పెర్కిన్స్ గిల్మన్‌ను ఆ మంచం మీద ఓ నెల ఉంచి, ఇంటికి పంపుతూ చీటీ ఇచ్చారు. వీలైనంత గృహజీవితం గడపాలి, బిడ్డను ఎప్పుడూ దగ్గరే ఉంచుకోవాలి, మెదడుపని రోజుకు రెండు గంటలు, కలం, కుంచె, పెన్సిలు బతికినన్నాళ్ళూ ముట్టకూడదు. మాట విన్నన్నాళ్ళూ ఆమెకు పిచ్చెక్కినంత పనయింది. చీటీ పక్కనపడేసి కలం పట్టాక కోలుకుంది. 1892లో ఆ చికిత్స మీదే కథ అచ్చువేసి డాక్టరుగారికి ఒక ప్రతి పంపింది. జవాబు రాలేదని ఆమే రాసింది. ఆయనకు తీరిక ఉండి ఉండదు లెండి, తనూ నవలలు రాసుకునేవారు.

ఇంకో సందేహం. ఆ పాలగ్లాసు పట్టుకుని మేడమెట్లు ఎక్కిదిగిన పనిమనిషి దగ్గరకు తమరు వెళ్ళలేదేం? బియర్డ్ గారి లెక్కలో తమరు మెదడుతో పనిచేసేవారి చుట్టం. కూలివాళ్ళ నరాలు తమరి అంతస్తుకు తగవు కాబోలు. మొదటి ప్రపంచయుద్ధంలో బ్రిటిష్ సైన్యమూ అదే పద్ధతి పట్టింది. బాంబుల మోతకు వణికిన అధికారి కాగితంలో చాలాసార్లు తమరి పేరు, సిపాయి కాగితంలో అంతవరకూ ఆడవాళ్ళకు అంటగట్టిన హిస్టీరియా.

ఉద్యోగం ఊడినా తమరికి మా దగ్గర బతుకుతెరువుకు లోటు లేదు. బస్టాండు మూత్రశాలల గోడల మీద నరాల బలహీనత ప్రకటనలు చూస్తే తమరి దాయాదులేనని అనుమానం వస్తుంది. వాటి కింది ఫోను నంబర్లన్నీ మగవారి కోసమే. ఆడవాళ్ళు ఆసుపత్రికి పోతే, “ఏమీ లేదమ్మా, కాస్త రెస్టు తీసుకోండి” అంటారు. ఆ కాస్సేపు పొయ్యి దగ్గర ఎవరు నిలబడాలో మాత్రం చీటీలో రాయరు.

ఇట్లు,
రోజుకు రెండు గంటల కోటా ఎప్పుడో దాటేసిన ఒకామె