ఫైబర్‌కు కాలం చెల్లిందా? మిల్లీమీటర్ తరంగాల ప్రచారానికి ఖండన

'మిల్లీమీటర్ తరంగాలు వచ్చాక ఫైబర్ కేబుల్‌కు కాలం చెల్లినట్టే' అన్న మాట కొంతకాలంగా విస్తృతంగా ప్రచారంలో ఉంది. మిల్లీమీటర్ తరంగాలంటే కొన్ని మిల్లీమీటర్ల పొడవుండే రేడియో తరంగాలు; ఫైబర్ అంటే డేటాను కాంతి రూపంలో మోసే సన్నని గాజు పోగు. ఆ మాటకు ఊతంగా ఐదు వాదాలు చూపుతున్నారు: ఈ తరంగాలు ఎక్కువ వేగంగా ప్రయాణిస్తాయి, ఇది నిన్నమొన్న పుట్టిన విద్య కాబట్టి పాత పరిమితులు వర్తించవు, గురిపెట్టే యాంటెన్నాలతో దూరం, గోడ అనే సమస్యలు తీరిపోయాయి, మిగిలిన అడ్డంకి వాన ఒక్కటే, కనుక నేల తవ్వి కేబుల్ వేయడం దండగ. ప్రతి వాదంలోనూ కాస్తంత నిజం కలిసి ఉండడం వల్ల మొత్తం నమ్మదగినట్టు కనిపిస్తుంది గానీ, విడదీసి చూస్తే ఏ ఒక్కటీ నిలబడదు.

మొదటిది వేగం సంగతి. శూన్యంలో ఏ రేడియో తరంగమైనా సెకనుకు దాదాపు 3 లక్షల కిలోమీటర్లే పోతుంది. పౌనఃపున్యం (తరంగం సెకనుకు ఎన్నిసార్లు కంపిస్తుందో ఆ సంఖ్య, కొలత హెర్ట్జ్) పెరిగినంత మాత్రాన ప్రయాణ వేగం పెరగదు. పెరిగేది డేటా వేగం, అదీ బ్యాండ్‌విడ్త్ (వాడుకోగల పౌనఃపున్యాల పట్టీ వెడల్పు) వల్ల. 5జీ ప్రమాణాల్లో 7 గిగాహెర్ట్జ్ దిగువన ఒక్కో క్యారియర్ (డేటా పంపే చానల్) వెడల్పు గరిష్ఠంగా 100 మెగాహెర్ట్జ్ కాగా, 24.25–52.6 గిగాహెర్ట్జ్ మధ్య 400 మెగాహెర్ట్జ్ దాకా దొరుకుతుంది. అయితే 1948లో అమెరికా గణిత శాస్త్రవేత్త క్లాడ్ షానన్ ఇచ్చిన సూత్రం ప్రకారం వెడల్పుతో పాటు సిగ్నల్‌కూ నాయిస్‌కూ (అందులో కలిసే అనవసరపు రొద) ఉన్న నిష్పత్తి కూడా లెక్కలోకి వస్తుంది. నాలుగింతల వెడల్పు తెరిచిన రిసీవర్‌లోకి నాలుగింతల నాయిస్ కూడా ప్రవేశిస్తుంది కాబట్టి, సిగ్నల్ బలంగా అందే చోట కనిపించే లాభం అది బలహీనపడిన చోట చాలావరకు కరిగిపోతుంది.

రెండోదానికి ఎక్కువ మాటలు అక్కర్లేదు. జగదీశ్ చంద్ర బోస్ 1890ల మధ్యలోనే కలకత్తాలో సుమారు 5 మిల్లీమీటర్ల తరంగాలను పుట్టించి ప్రయోగాలు చేశారు. కొత్తగా వచ్చింది వాటిని చవకగా పుట్టించి పట్టుకోగల సిలికాన్ చిప్. చిప్ మారిందని భౌతికశాస్త్రం మారదు. (పేరుకు తగ్గట్టు లెక్కిస్తే మిల్లీమీటర్ తరంగాలు 30 నుంచి 300 గిగాహెర్ట్జ్ వరకే, 5జీలో వాడే 28 గిగాహెర్ట్జ్‌ను కూడా ఆ పేరుతో పిలవడం వాడుకలో స్థిరపడిపోయింది.)

మూడో వాదం బలమైనది, అందుకే నిదానంగా చూడాలి. ఒకే లాభం (శక్తిని ఒక దిక్కుకు కేంద్రీకరించే సామర్థ్యం) ఉన్న యాంటెన్నాలతో పోల్చినప్పుడు 2.8 గిగాహెర్ట్జ్ కంటే 28 గిగాహెర్ట్జ్ వద్ద అందే శక్తి 100 రెట్లు, అంటే 20 డెసిబెల్లు తక్కువ (డెసిబెల్ శక్తి ఎన్ని రెట్లు మారిందో చెప్పే కొలత; ప్రతి 10 డెసిబెల్లకు పది రెట్లు). దీన్ని గాలి మింగేసిందని చాలామంది అనుకుంటారు గానీ, తరంగదైర్ఘ్యం తగ్గినప్పుడు అలాంటి యాంటెన్నా పట్టగలిగే విస్తీర్ణం తగ్గిపోవడమే అసలు కారణం. చిన్న యాంటెన్నాలను ఎక్కువ సంఖ్యలో పేర్చి ఆ లోటు తీర్చుకోవచ్చు. 28 గిగాహెర్ట్జ్ వద్ద అర తరంగదైర్ఘ్యం 5.4 మిల్లీమీటర్లే కాబట్టి, నాలుగున్నర సెంటీమీటర్ల పలకలో 64 యాంటెన్నాలు ఇముడుతాయి; వాటన్నిటినీ ఒకే దిక్కుకు గురిపెడితే సుమారు 18 డెసిబెల్ల లాభం. ఇంతవరకు ప్రచారం చెప్పినది సరైనదే.

గోడ దగ్గరకు వచ్చేసరికి కథ మారుతుంది. న్యూయార్క్ విశ్వవిద్యాలయంలో థియొడోర్ రాపాపోర్ట్ పరిశోధక బృందం 28 గిగాహెర్ట్జ్ వద్ద కొలిచి 2013లో ప్రచురించిన ఫలితాల్లో, సాధారణ గాజు పలక 4 డెసిబెల్లలోపే ఆపితే, భవనాల బయటివైపు వాడే రంగు గాజు దాదాపు 40 డెసిబెల్లు, ఇటుక కట్టడం దాదాపు 28 డెసిబెల్లు ఆపాయి. 40 డెసిబెల్లంటే పదివేలలో ఒక వంతు మాత్రమే లోపలికి వస్తుందన్నమాట. పైన చెప్పిన యాంటెన్నాల పలక తెచ్చే 18 డెసిబెల్లు ఇటుక తీసుకునే 28కి చాలవు. పైగా ఆ లాభం ముందే దూరం లోటు పూడ్చడానికి ఖర్చయిపోయింది; ఒకే లాభాన్ని రెండు ఖాతాల్లో రాసుకోవడమే ఈ వాదంలోని అసలు తప్పు.

గోడ లేని చోట మనిషే అడ్డుగా ఉంటాడు. ఫోను అడ్డంగా పట్టుకుని వీడియో చూస్తున్నప్పుడు వేళ్లు సరిగ్గా అంచుల మీదికి వస్తాయి. మిల్లీమీటర్ యాంటెన్నాలు ఉండేదీ చాలావరకు అక్కడే. అందుకే తయారీదారులు వాటిని రెండు మూడు అంచులకు విడదీసి పెడతారు. ఫోను ఇలా తిప్పి అలా తిప్పినా, యాంటెన్నాలు గురిపెట్టిన సిగ్నల్ కిరణం మళ్లీ దానిని వెతుక్కోవలసిందే. ఆ వెతుకులాట కోసం బేస్ స్టేషన్ (ఫోన్లకు సిగ్నల్ ఇచ్చే కేంద్రం) గరిష్ఠంగా 64 దిక్కులకు వంతులవారీగా సంకేతాలు పంపుతూ ఉంటుంది.

నాలుగోది వాన. ఇక్కడ ప్రచారం వానను ఎక్కువ చేసి, మిగతావాటిని తక్కువ చేసింది. గంటకు 25 మిల్లీమీటర్ల జోరువానలో 28 గిగాహెర్ట్జ్ సిగ్నల్ కిలోమీటరుకు 4 నుంచి 5 డెసిబెల్లు, 73 గిగాహెర్ట్జ్ వద్ద సుమారు 10 డెసిబెల్లు నష్టపోతుంది. చినుకుల పరిమాణం తరంగదైర్ఘ్యానికి దగ్గరపడుతున్నకొద్దీ నష్టం పెరగడం సహజం. కానీ 200 మీటర్ల సెల్‌లో (ఒక బేస్ స్టేషన్ సిగ్నల్ అందే ప్రాంతం) ఆ నష్టం ఒకటి రెండు డెసిబెల్లే. రంగు గాజుతో పోలిస్తే అది లెక్కలోకి రాదు. మరోవైపు ఆకాశం నిర్మలంగా ఉన్నా 60 గిగాహెర్ట్జ్ దగ్గర గాలిలోని ఆక్సిజన్ కిలోమీటరుకు సుమారు 15 డెసిబెల్లు లాగేస్తుంది. దూరానికి ఇది శాపమే గానీ 10 మీటర్ల గదిలో పోయేది 0.15 డెసిబెల్లే. 2.16 గిగాహెర్ట్జ్ వెడల్పు చానళ్లతో 2012లో వచ్చిన 802.11ఏడీ వైఫై ప్రమాణం ఈ బ్యాండునే ఎంచుకుంది.

ఇక ఐదోది, ఫైబర్ దండగన్న వాదం. సాధారణ ఫైబర్ 1550 నానోమీటర్ల వద్ద కిలోమీటరుకు సుమారు 0.2 డెసిబెల్లే పోగొడుతుంది. అంటే 20 కిలోమీటర్లకు 4 డెసిబెల్లు. 28 గిగాహెర్ట్జ్ సిగ్నల్ జోరువానలో ఒక్క కిలోమీటరు దాటడానికి అటూ ఇటూగా అంతే చెల్లిస్తుంది. వెడల్పు కూడా చూద్దాం. 30 నుంచి 300 దాకా మొత్తం మిల్లీమీటర్ స్పెక్ట్రమ్ కలిపితే 270 గిగాహెర్ట్జ్. ఫైబర్‌లో ఎక్కువగా వాడే 1530–1565 నానోమీటర్ల పట్టీ ఒక్కటే దాదాపు 4,400 గిగాహెర్ట్జ్, అదీ వెంట్రుక మందాన ఒక్కో పోగుకు విడివిడిగా. గాలిలోనైతే ఒక కిరణం కింద ఉన్నవారందరూ ఉన్నదాన్నే పంచుకోవాలి.

కేబుల్ వేయడం కష్టమైన చోట చివరి వంద, రెండు వందల మీటర్లకు, జనం కిక్కిరిసిన స్టేడియంలో, ఎదురెదురు భవనాల మధ్య మిల్లీమీటర్ తరంగాలకు సాటి లేదు. 71–76, 81–86 గిగాహెర్ట్జ్ బ్యాండ్లలో ఎదురెదురుగా డిష్‌లు బిగించి ఒకటి రెండు కిలోమీటర్లకు 10 గిగాబిట్ల లింకు నడపడం నేడు మామూలు విషయమే. కానీ అలాంటి చిన్న సెల్‌లు ఎంత దగ్గరదగ్గరగా పెడితే, వాటి డేటాను మోసుకుపోయే లింకులు అన్ని ఎక్కువ కావాలి. నాలుగు వీధుల సెల్‌లను డిష్‌తో కలిపినా, ఆ నాలుగూ చేరే స్తంభం దగ్గర అంతటి రద్దీని అందుకోవలసింది ఫైబరే.