గడువు తేదీ రాసిన కావ్యం

కావ్యం ఎందుకు పుడుతుందన్న ప్రశ్నకు కాశ్మీర ఆలంకారికుడు మమ్మటుడు ఆరు ప్రయోజనాలు చెప్పి ఊరుకున్నాడు. కీర్తి, ధనం, లోకజ్ఞానం, అమంగళ నివారణ, అప్పటికప్పుడు కలిగే పరమానందం, కాంత మెత్తగా చెప్పినట్టుండే హితబోధ అన్నవి ఆ ఆరు. ఆనాటి కాశ్మీరంలో కాంట్రాక్టులు రాసే న్యాయవాదులు అంతగా లేకపోబట్టి కాబోలు, అన్నిటికంటే బలమైన ఏడో ప్రయోజనం ఆయన దృష్టికి రాలేదు. చేతిలో ఉన్న హక్కులు చెల్లిపోకుండా చూసుకోవడమే ఆ ఏడోది. 2024 డిసెంబరులో విడుదలైన ‘ది లార్డ్ ఆఫ్ ది రింగ్స్: ది వార్ ఆఫ్ ది రోహిర్రిమ్’ అనే యానిమే (జపాను తరహా యానిమేషన్) చిత్రాన్ని ఆ ఏడో ప్రయోజనానికి ప్రామాణిక ఉదాహరణగా అలంకార శాస్త్ర గ్రంథాలలో చేర్చాలని నా మనవి.

ఈ హక్కుల భూమికి లింకు డాక్యుమెంట్లు చాలానే ఉన్నాయి. ‘ది లార్డ్ ఆఫ్ ది రింగ్స్’ రాసిన ఆంగ్ల రచయిత టోల్కీన్ 1969లో తన నవలల సినిమా హక్కులను యునైటెడ్ ఆర్టిస్ట్స్ సంస్థకు అమ్మారు. 1976లో అవి సాల్ జాయింట్జ్ అనే నిర్మాత చేతికి వచ్చాయి. ఆయన పేరు మీదుగా నడిచిన సంస్థ నుంచి 2022లో స్వీడన్‌కు చెందిన ఎంబ్రేసర్ గ్రూపు వాటిని కొనుక్కుంది. ఈ యజమానులు మారుతుండగానే న్యూలైన్ సినిమా అనే కౌలుదారు ఆ పొలంలో దర్శకుడు పీటర్ జాక్సన్ చేత మూడు సినిమాల పంటలు, ఆ తర్వాత మరో మూడు పంటలు పండించుకుంది. అయితే కౌలు నిలవాలంటే మధ్యమధ్యలో ఏదో ఒకటి సాగు చేస్తూనే ఉండాలనీ, అందుకే ఈ యానిమేను హడావుడిగా పట్టాలెక్కించారనీ అప్పట్లో పత్రికలు రాశాయి.

ఊరి చివర ప్లాటు కొనుక్కున్నవారెవరికైనా ఇందులో ఆశ్చర్యపోవలసిందేమీ కనిపించదు. మా బంధువు ఒకాయన పాతికేళ్ల కిందట కొన్న స్థలంలో ఇప్పటికీ ఇల్లు కట్టలేదు. చుట్టూ ప్రహరీ లేపి, మూల ఒక రేకుల గది వేసి, దానికో కరెంటు మీటరు పెట్టించి, రాత్రంతా ఒక బల్బు వెలిగేలా మాత్రం ఏర్పాటు చేశాడు. ఆ గదిలో ఎవరూ ఉండరు. ఆ బల్బు వెలుతురులో ఎవరూ చదువుకోరు. అయినా ఆ స్థలం ఆయనదేనని లోకానికి చాటడానికి అది చాలు. ఆ బల్బు నెలనెలా ఎంత కరెంటు కాలుస్తుందో నాకు తెలుసు గానీ, 134 నిమిషాల పాటు వెలిగే బల్బుకు సుమారు 3 కోట్ల డాలర్లు ఖర్చవుతుందని ఈ చిత్రం చూశాకే తెలిసింది.

ఇక కథాంశానికి వస్తే, టోల్కీన్ నవల ముగిసిపోయిన తర్వాత, 1955లో వచ్చిన మూడో సంపుటం చివర, వంశావళులు, తేదీలు గుచ్చిన అనుబంధాలు ఉంటాయి. పుస్తకం పూర్తయిన తృప్తితో పాఠకుడు కళ్లద్దాలు తీసి పక్కన పెట్టే చోటు అది. అక్కడ రెండు మూడు పుటలలో రోహాన్ అనే కల్పిత రాజ్యాన్నేలిన రాజు హెల్మ్ ఉదంతం ఉంది. ఫ్రెకా అనే సామంతుడు తన కొడుకు వుల్ఫ్‌కు రాజుగారి కూతురిని అడగడానికి కొలువుకు వస్తాడు. సంబంధం కుదుర్చుకోవడానికి వచ్చిన పెద్దమనిషికి మర్యాదలు చేయడానికి బదులుగా రాజు ఆయన లావును ఎత్తిపొడుస్తాడు. మాట పెరిగితే, పెళ్లి సంగతి చిన్న విషయమనీ, ముందు కొలువు పనులు చూద్దామనీ కూర్చోబెడతాడు. సభ ముగిశాక ఆ వియ్యంకుడు కావలసినవాణ్ణి ఆరుబయటికి తీసుకుపోయి ఒకే ఒక్క పిడిగుద్దు గుద్దుతాడు. ఆయన పడిపోయి, కాసేపటికి ప్రాణం విడుస్తాడు. వంద మందిని ఒంటి చేత్తో కొట్టే కథానాయకులకు అలవాటుపడిన తెలుగు ప్రేక్షకుడు ఒక గుద్దుకు ఒకే మనిషి పోవడమేమిటని పెదవి విరవవచ్చు గానీ, టోల్కీన్ ఆచార్యుడు కనుక లెక్కలో పొదుపు పాటించాడని సమాధానపడాలి.

ఆ పొదుపు అక్కడితో ఆగలేదు. ఫ్రెకా చావుతో రాజుకున్న యుద్ధానికంతటికీ మూలమైన ఆ అమ్మాయికి మూలగ్రంథంలో పేరే లేదు. ఆమె అన్నదమ్ములకు హాలెత్, హామా అని పేర్లున్నాయి. ముష్టిఘాతానికి పోయిన ఫ్రెకాకు పేరుంది. అదే అనుబంధంలో, ఆ వంశానికి మూలపురుషుడైన ఎయోర్ల్ ఎక్కి తిరిగిన గుర్రానికి ఫెలరోఫ్ అని చక్కని నామధేయం ఉంది. గుర్రానికి పేరు పెట్టి కూతురికి పెట్టని ఆ పెద్దాయన వల్లే చిత్రబృందానికి గొప్ప అవకాశం దక్కిందనుకోవాలి. వారు ఆమెకు హేరా అని పేరు పెట్టి, కత్తి ఇచ్చి, గుర్రమెక్కించి, కథ మొత్తం ఆమె భుజాల మీద పెట్టారు. పేరు లేని వ్యక్తిని నాయికను చేయడంలో మరొక సౌలభ్యం ఉంది. ఆమె ఇలా చేయదని వాదించగల పాఠకుడు భూమండలం మీద లేడు.

అయితే రెండు మూడు పుటలను రెండుంపావు గంటలకు సాగదీయడం మాటలు కాదు. పెళ్లి భోజనానికి అనుకున్న దానికంటే ఎక్కువమంది వస్తే వంటవాడు సాంబారులో నీళ్లు పోస్తాడు. ఇక్కడ సాంబారులో ఏనుగును వేశారు. ఆ మహాగజం మదమెక్కి నాయిక వెంట పడుతుంది. దానిని నీళ్లలో పొంచి ఉన్న బహుబాహు జలచరమొకటి లాక్కుపోయి మింగుతుంది. పాత చిత్రాలలో కనిపించిన డేగలు హాజరు వేయించుకుంటాయి. ప్రధాన కథకు రెండు వందల ఏళ్లకు పైగా ముందు జరిగే ఈ ఉదంతంలో ఆ కథలోని మాయ ఉంగరానికి పాత్రే లేకపోయినా, పేరులో ఉన్న ఉంగరాలు తెరమీద లేకపోతే టికెట్టు కొన్నవాడు నిలదీస్తాడేమోనని, ఓర్కులనే రాక్షసులు ఇద్దరు శవాల వేళ్ల నుంచి ఉంగరాలు ఏరుకునే ఘట్టాన్ని చొప్పించారు. చివరికి మాంత్రికుడు గాండాల్ఫ్ కూడా ఒక ఉత్తరం రూపంలో వచ్చిపోతాడు. 2015లో కీర్తిశేషుడైన నటుడు క్రిస్టఫర్ లీకి సైతం సెలవు దొరకలేదు. మునుపటి చిత్రాలప్పుడు రికార్డు చేసి ఉంచిన ఆయన కంఠాన్ని వెలికితీసి సారుమాన్ అనే మరో మాంత్రికుడి చేత మాట్లాడించారు.

ఇంత చెప్పాక ఒక నిజం ఒప్పుకోకపోతే కళ్లు పోతాయి. దర్శకుడు కెంజీ కమియామా, ఆయన చిత్రకారులు తాము కడుతున్నది ప్రహరీగోడ అన్న సంగతి ఎవరూ చెప్పనట్టే పనిచేశారు. ముందు నటులతో కదలికలు పట్టి, వాటిని కంప్యూటరులో మలిచి, ఆపైన చేత్తో గీశారు. ఒకే సినిమాను మూడు సార్లు తీసినంత శ్రమ అది. సుదీర్ఘ శీతకాలంలో కోట ముట్టడిలో చిక్కుకుని, రాత్రిళ్లు ఒంటరిగా మంచులోకి వెళ్లి శత్రువులను వట్టి చేతులతో చంపే వృద్ధరాజు హెల్మ్, చివరికి పిడికిలి బిగించి నిలబడ్డవాడు నిలబడ్డట్టే గడ్డకట్టిపోయిన దృశ్యం నన్ను వెంటాడింది. మీసాల మీద మంచు పేరుకున్నా ఆయన మోకాలు వంగదు. వ్యంగ్యం రాయడానికి కూర్చున్నవాడికి ఇటువంటి దృశ్యాలు చూపించడం వృత్తిరీత్యా అన్యాయం. పైగా జపాను చేతులకు ఈ మట్టి కొత్త కాదు. 1977లో అమెరికా టెలివిజన్ కోసం తీసిన ‘ది హాబిట్’ బొమ్మలకు ప్రాణం పోసింది టోక్యోలోని టాప్‌క్రాఫ్ట్ అనే స్టూడియోయే. తర్వాత జపానులోని పేరున్న యానిమేషన్ సంస్థ స్టూడియో జిబ్లీకి వెళ్లినవారిలో అక్కడ పనిచేసినవారూ ఉన్నారు.

ఫలితం విషయానికొస్తే, ప్రపంచమంతా కలిపి వసూలైనది సుమారు 2 కోట్ల డాలర్లు. అమెరికాలో విడుదలైన రెండు వారాలకే, డిసెంబరు 27న, చిత్రం ఇళ్లలోని తెరల మీదికి వచ్చేసింది. సరిగ్గా అదే రోజు, దానిని గీసినవారి దేశమైన జపానులో థియేటర్లలో మొదటి ఆట పడింది. దీనిని పరాజయమన్న విమర్శకులకు కొలమానం తెలియదు. కౌలుదారుకు తర్వాతి పంట వేసుకునే వీలుందా లేదా అన్నదే ఇక్కడ చూడవలసింది. 2027 డిసెంబరు 17న ఆండీ సర్కిస్ దర్శకత్వంలో ‘ది హంట్ ఫర్ గోలమ్’ అనే చిత్రంతో గోలమ్ వేట మొదలవుతుందని ఇప్పటికే ప్రకటన వెలువడింది. ప్రహరీలో బల్బు వెలుగుతూనే ఉంది.

గోలమ్ తర్వాత ఏమిటన్న బెంగ ఎవరికీ అక్కరలేదు, అనుబంధాలు ఇంకా మిగిలే ఉన్నాయి. ఉచ్చారణ నియమాల అనుబంధాన్ని సంగీతభరిత చిత్రంగా మలచవచ్చు. నా ఓటు మాత్రం హాబిట్లనే పొట్టి మనుషుల పంచాంగం ఉన్న అనుబంధానికి. అందులో పన్నెండు నెలలకూ సమంగా ముప్ఫయ్యేసి రోజులుంటాయి. మిగిలిన ఐదు రోజులు ఏ నెలకూ చెందకుండా, ఎవరి ఖాతాలోనూ పడకుండా, సంవత్సరంలో అక్కడక్కడా విడిగా నిలబడి ఉంటాయి. సంతకాలు పెట్టే ముందు ఆ కౌలుపత్రం గడువు ఈ ఐదింటిలో ఏ రోజునా తీరకుండా ఉందో లేదో ఎవరైనా ఒకసారి సరిచూసుకోవడం మంచిది.