దక్షిణావర్త శంఖం గారి దివ్య సముఖానికి

అయ్యా,

మా పెద్దమ్మగారింటి దేవుడి గదిలో, ఎర్ర వెల్వెట్ గుడ్డ మీద, కనకదుర్గమ్మ పటం పక్కన తమరు క్షేమమని తలుస్తాను. బీసెంట్ రోడ్డు దగ్గర ఒక సందులోని పూజాసామాను కొట్లో మీ ధర రూ. 11,116 అన్నారు. లక్ష్మీదేవి దగ్గర బేరమేమిటని పెద్దమ్మ నోరు మెదపలేదు. తోటకూర కట్ట మీద రెండు రూపాయలు తగ్గించడానికి రైతుబజారంతా వినబడేలా అరిచే మనిషి!

కొట్టాయన మిమ్మల్ని చెవికి ఆనించి ఓంకారం వినమన్నాడు. పెద్దమ్మకి వినబడింది. నాకు మాత్రం రోడ్డు మీది ఆటోలే కాస్త మర్యాదగా వినిపించాయి. బయటి చప్పుడే బోలు గుల్లలో చేరి మోగుతుంది మరి.

ఇక మీ వంశం సంగతి. మనవాళ్లు తరతరాలుగా పూజించే శంఖం టర్బినెల్లా పైరమ్ అనే సముద్రపు నత్తది. మన్నార్ సింధుశాఖలో, తూత్తుకుడి వైపు, ఇసుక నేలల్లో పురుగులు తిని బతుకుతుంది. బతికున్నప్పుడు గుల్ల మీద దళసరి గోధుమరంగు పొర ఉంటుంది. ఆ మట్టిరంగు గీకి పారేస్తేగానీ మనం మురిసిపోయే తెలుపు బయటపడదు. సన్నని తోక పైకి పట్టుకుని నోరు మనవైపు తిప్పితే, మామూలుగా నోరు ఎడమవైపు ఉంటుంది. కుడివైపు ఉన్నదే దక్షిణావర్తం, లక్షల్లో ఒకటి అంటారు. గిరాకీ అంతా దానికే.

మీ నోరు కుడివైపే ఉంది. ఆహా అనుకుని చిటికెనవేలు లోపలికి పెట్టాను. మన్నార్ శంఖమైతే నడిమి కాడ మీద మూడో నాలుగో గట్టి మడతలు వేలికి తగలాలి. మీ కాడ నున్నగా ఉంది, ఒక్కటీ తగల్లేదు. పైన భుజం చుట్టూ బుడిపెలు, పెదవి దగ్గర వెలిసిపోయిన గోధుమరంగు చార ఒకటి.

తమరు లైట్నింగ్ వెల్క్ అనే వేరే సముద్రపు నత్త గుల్ల అన్నమాట! స్వస్థలం అమెరికా తూర్పు తీరం, మెక్సికో సింధుశాఖ. లోతు తక్కువ నీళ్లలో ఇసుకలో కూరుకుని, పెంకు అంచుతోనే ఆల్చిప్పల నోళ్లు తెరిచి ఆరగించే వంశం. మీలో దాదాపు అందరి నోరూ అటువైపే. అక్కడ ఎడమవైపు నోరున్నవాడు పుడితే విడ్డూరం. 1987లో టెక్సాస్ మిమ్మల్ని తన రాష్ట్ర గుల్లగా కూడా ప్రకటించుకుంది.

మీ తప్పేం లేదు లెండి. మీ ఇంట్లో మీరు బతికారు. వెండి తొడుగు వేసి, పేరు మార్చి, ‘అసలు’ అని సర్టిఫికెట్ లామినేట్ చేసి ఇచ్చింది మనుషులు. దాని మీద హోలోగ్రామ్ కూడా ఉంది. పాపం, మన్నార్ నత్తకి ఆ భాగ్యం కూడా లేదు.

ఇంతకీ పెద్దమ్మ మిమ్మల్ని ఎందుకు కొన్నదో తెలుసా? డాలస్‌లో ఉన్న మా అన్నయ్యకి హెచ్‌-1బీ లాటరీలో పేరు రావాలని. రోజూ పొద్దున్నే మీలో నీళ్లు పోసి, తులసిదళం వేసి మొక్కుతోంది. శంఖంలో పోస్తేగానీ తీర్థం కాదు కదా! ఇక్కడ బీటెక్ అయిన ప్రతివాడూ టెక్సాస్ వెళ్లాలని కన్సల్టెన్సీల చుట్టూ తిరుగుతుంటే, మీరు అటు నుంచి ఇటొచ్చి బెజవాడలో దేవుడైపోయారు. బ్యాంకు బ్యాలెన్స్ చూపించమన్నవాడు లేడు, తిరిగి ఎప్పుడు వెళ్తారని అడిగినవాడూ లేడు.

ఈ సంగతి పెద్దమ్మకి చెప్పే ధైర్యం నాకు లేదు. పైగా ఒంటి శంఖం ఇంట్లో ఉండకూడదట, జంట కావాలని కొట్టాయన అన్నాడు. అడ్వాన్స్ కూడా ఇచ్చేసింది. లక్షల్లో ఒకటి మళ్లీ ఎలా దొరుకుతుందని నేను పెద్దమ్మనడిగితే, ‘శుక్రవారం స్టాకు వస్తుందమ్మా, టెన్షన్ పడకండి’ అని కొట్టాయన అన్నాడట.

ఇట్లు,
సత్యనారాయణపురం నుంచి మీ భక్తురాలి చెల్లెలి కొడుకు