పెద్దవాళ్లతో విదేశం వెళ్తున్నారా? ఊళ్లు తగ్గించి రాత్రులు పెంచండి

అమ్మనో నాయననో వెంటబెట్టుకుని విదేశం చూపించాలనుకునే మనవాళ్లకు నేను గట్టిగా చెప్పే మాట ఒకటుంది. ఎన్ని ఊళ్లు చూపించాలనే లెక్క పక్కన పెట్టండి. ఒక్కో ఊళ్లో ఎన్ని రాత్రులుంటే ఆ పెద్దమనిషి మన తోడు లేకుండా బయటికెళ్లి, టీ తాగి, దారి తప్పకుండా తిరిగి రాగలరో ఆ లెక్క వేయండి. నన్నడిగితే అది నాలుగు రాత్రులకు తక్కువ కాదు, ఐదైతే ఇంకా మంచిది.

ఎందుకంటున్నానో మీకూ తెలుసు. అమెరికా వచ్చిన అమ్మానాన్నలు ఆరు నెలలూ ఎలా గడుపుతారో మనందరి ఇళ్లలో చూస్తున్నదే. కారు నడపలేరు, నడిచి పోదామంటే ఆ దూరంలో ఏ అంగడీ ఉండదు, కొత్తిమీర కట్ట కావాలన్నా సాయంత్రం మనం లాప్‌టాప్ మూసేదాకా ఆగాల్సిందే. సొంతూళ్లో పదిమంది పనులు చక్కబెట్టిన మనుషులు ఇక్కడ ప్రతిదానికీ మన మొహం చూడాల్సి వస్తుంది. పాపం బోరు కొడుతోందని మనం లాంగ్ వీకెండ్ చూసుకుని నయాగరా, న్యూయార్క్, వాషింగ్టన్ చుట్టేస్తాం, లేదంటే పది రోజుల్లో ఏడు దేశాల టూరు బుక్ చేస్తాం. తెల్లారకముందే సూట్‌కేసు సర్దుకోవడం, బస్సెక్కడం, దిగి ఫోటో తీసుకుని మళ్లీ ఎక్కడం. అక్కడ కూడా వాళ్ల పని మన వెనకాల నడవడమే. ఇంత డబ్బు పెట్టి ఆ నిస్సహాయతనే ఇంకో దేశంలో చూపించడం నాకు బాధగా ఉంటుంది.

మా నాయన గుత్తి డీజిల్ షెడ్డులో ఫిట్టరుగా చేసి రిటైరయ్యారు. ఇప్పటికీ ఉండేది గుత్తి ఆర్.ఎస్.లోనే, రోజూ సాయంత్రం స్టేషన్ దాకా నడిచి వెళ్లి వచ్చే పోయే బండ్లు చూసి వస్తారు. జపాన్ పోదామా నాయనా, అక్కడ ఏం చూడాలనుంది అని ఫోన్లో అడిగితే మొదట అందరు పెద్దవాళ్లూ చెప్పే జవాబే చెప్పారు: "నాకేం తెలుసప్పా, నువ్వు యాడికి తీస్కపోతే ఆడికొస్తా." చాలామంది పిల్లలు ఈ మాట దగ్గరే ఆగిపోయి ప్లానంతా తామే వేసేస్తారు. దయచేసి ఆగకండి. నాలుగు రోజులు పోయాక వేరే మాటల మధ్యలో మళ్లీ అడగండి. అలా అడగ్గా అడగ్గా ఒకరోజు ఆయనే ఫోన్ చేసి, "ఆ బుల్లెట్ రైలు పట్టాలు ఏ గేజో కనుక్కో" అన్నారు. మీటరు గేజి రోజుల నుంచీ చూసిన మనిషి కదా. గేజి అంటే రెండు పట్టాల మధ్య దూరం; మన బ్రాడ్ గేజి 1,676 మిల్లీమీటర్లు, జపాన్‌లో 1964లో మొదలైన షింకాన్‌సెన్‌ది, అంటే ఆ బుల్లెట్ రైలుది 1,435, అక్కడి మామూలు రైళ్లలో ఎక్కువ భాగం 1,067 అని చెప్తే, అంత సన్న పట్టాల మీద అన్ని బండ్లు ఎట్లా నడుపుతున్నారో చూడాల్సిందే అన్నారు. మా ప్రయాణం ప్లాన్ అక్కడ పుట్టింది: క్యోటో, హిరోషిమా, చివర్లో టోక్యో. మూడే చోట్లు.

క్యోటోలో 2016లో తెరిచిన రైల్వే మ్యూజియం ఉంది. క్యోటో స్టేషన్ నుంచి లోకల్ రైల్లో ఒక్క స్టాపు. అందులో 1914లో కట్టిన ఇంజన్ షెడ్డును అలాగే ఉంచారు, విసనకర్ర ఆకారంలో, మధ్యలో ఇంజన్లను తిప్పే టర్న్‌టేబుల్, చుట్టూ ఆవిరి ఇంజన్లు. నాయన ఒక ఇంజన్ ముందు వంగి, చేతులు వెనక్కి కట్టుకుని, చక్రాల మధ్య బ్రేకు కడ్డీలను ఒక్కొక్కటే చూసుకుంటూ పోయారు. తాకకూడదని బోర్డు ఉంది కాబట్టి తాకలేదు, కానీ వేళ్లు మాత్రం వెనకాల కదులుతూనే ఉన్నాయి. ఆ పూటకి వచ్చేశాం. మర్నాడు టిఫిన్ అయ్యాక, నేను ఇంకోసారి పోయొస్తా అన్నారు. ఒక్కరే. జేబులో రైలు కార్డు, హోటల్ పేరు జపనీస్ లిపిలో రాసిన చీటీ, ఫోను. మధ్యాహ్నానికి తిరిగొచ్చారు, దారిలో అరటిపళ్లు కూడా కొనుక్కుని. టూరు బస్సులో ఇది జరిగే పనేనా? మర్నాడు పొద్దున్నే ఊరు మారిపోయే ప్లానులో రెండోసారి అనేదే ఉండదు.

దగ్గర్లోని నారా ఊరు కూడా క్యోటోలో ఉంటూనే చూడొచ్చు, పొద్దున వెళ్లి సాయంత్రానికి వచ్చేయొచ్చు. అక్కడి తొదైజీ గుళ్లోని మహాబుద్ధుడి విగ్రహానికి 752లో నేత్రోన్మీలనం, అంటే కళ్లు తెరిపించే క్రతువు చేసింది బోధిసేన అనే భారతీయ సన్యాసి. ఈ సంగతి ముందే చెప్పి తీసుకెళ్తే మనవాళ్లు ఆ విగ్రహాన్ని చూసే చూపే మారిపోతుంది. మోకాళ్ల నొప్పులున్న వాళ్లకు క్యోటోలో కియోమిజు గుడి ఎక్కుడు దారి వద్దు, అక్కడే ఉన్న సాంజూసాంగెందో గుడి నయం. ఎక్కే పని లేదు, ఒకే పొడవాటి మందిరంలో కరుణకు దేవతగా కొలిచే కన్నన్ విగ్రహాలు 1,001, వాటికి కాపలాగా మన దేశం నుంచి వెళ్లిన దేవతలు.

హిరోషిమా గురించి ఎక్కువ చెప్పను. 1945 ఆగస్టు 6న బాంబు పడితే మూడు రోజులకే కొంత దూరం ట్రాము నడిపారు. ఆనాడు దెబ్బతిన్న వాటిలో 651, 652 నంబర్ల ట్రాములను బాగుచేసి తర్వాత కూడా నడుపుతూ వచ్చారు. బాగుచేసిన ఆ షెడ్డు మనుషుల గురించి నాయన ఆ రాత్రి చాలాసేపు మాట్లాడారు. ఆయన ఉద్యోగం గురించి నాతో అంతగా మాట్లాడింది అప్పుడే.

ఇక ఏర్పాట్ల విషయం. దేశాన్ని ఎంచుకునేటప్పుడు వాళ్ల గడియారం చూడండి, మనది కాదు. ఇండియాకీ జపాన్‌కీ తేడా మూడున్నర గంటలే, జెట్ లాగ్ ఏదో మనమే పడదాం. అనంతపురం వైపు వాళ్లకు బెంగళూరు ఎయిర్‌పోర్టు రోడ్డు మీద దగ్గరే, అక్కడి నుంచి టోక్యో దగ్గరి నరిటా ఎయిర్‌పోర్టుకు నేరుగా విమానం ఉంది. సీజన్ అయితే అక్టోబరు చివర, నవంబరు మొదట్లో బాగుంటుంది. ఏప్రిల్ చివర గోల్డెన్ వీక్ అనే వరస సెలవుల రద్దీలో పెద్దవాళ్లతో వెళ్లొద్దు. వారం రోజులు రైళ్లలో తిరగనిచ్చే జేఆర్ పాస్ 2023 అక్టోబరులో 29,650 యెన్ల నుంచి 50,000కు పెరిగింది, టోక్యో నుంచి క్యోటోకు విడి టికెట్టు సుమారు 14,000. నిదానంగా తిరిగేవాళ్లకు పాస్ దండగ. పెద్ద సూట్‌కేసులు మోయకండి, హోటల్ కౌంటర్లో ఇస్తే తక్యూబిన్ అనే సామాను చేరవేసే సర్వీసు వాళ్లు సాధారణంగా మర్నాటికి తర్వాతి హోటల్‌కు చేరుస్తారు.

మందుల సంచి మాత్రం చేతిలోనే ఉండాలి. దీని మీద కొంచెం శ్రద్ధ పెట్టండి. డాక్టరు రాసిన మందులు నెలకు సరిపడా అయితే మామూలుగా పట్టుకెళ్లొచ్చు, అంతకు మించితే ముందుగా అనుమతి పత్రం తీసుకోవాలి. సూడోఎఫెడ్రిన్ ఎక్కువ పాళ్లలో ఉన్న జలుబు మాత్రలను దేశంలోకి రానివ్వరు. మన బ్రాండు పేర్లు అక్కడి డాక్టర్లకు తెలియవు కాబట్టి చీటీలో మందు అసలు పేరు రాయించండి. ఇన్సూరెన్సులో పాత జబ్బులకు కవరేజీ ఉందో లేదో చదివి తీసుకోండి.

తిండికి టెన్షన్ పడేవాళ్లు వంటిల్లున్న గది తీసుకోవాలి. పప్పుచారులా కనిపించే సూపులో కూడా చేప రసం ఉంటుంది, శాకాహారులు అడిగి తినాలి. అన్నం, పెరుగు ఏ సూపర్‌మార్కెట్లోనైనా దొరుకుతాయి, చెనిక్కాయల పొడి ఇంటి నుంచి తెచ్చుకుంటే నాయన లాంటి వాళ్లకు రాత్రి భోజనం అయిపోయినట్టే. ఇంకో ఊరట, ఎవరూ పైకి అడగరు కానీ అందరికీ కావాలి: హోటళ్లలో, చాలా స్టేషన్లలో నీళ్లతో కడిగే టాయిలెట్లే ఉంటాయి.

అన్ని రోజులు మూడు ఊళ్లలోనే ఉంటే మిగతావి ఎప్పుడు చూస్తాం, మళ్లీ వాళ్లను తీసుకురాగలమో లేదో అని ఒక స్నేహితురాలు అడిగింది. ఆ భయం నాకూ ఉంది. ఆ భయంతోనే పరిగెత్తిస్తే మాత్రం వాళ్లకు మిగిలేది కాళ్ల నొప్పులు, మనకు మిగిలేది ఫోటోలు. మనకు సెలవులు తక్కువ, నిజమే. అందుకని తగ్గించాల్సింది ఊళ్లను. పది రోజులే దొరికితే టోక్యో వదిలేయండి. ఒసాకా దగ్గరి కన్సాయ్ ఎయిర్‌పోర్టులో దిగి, క్యోటో, హిరోషిమా చూసి మళ్లీ కన్సాయ్ నుంచే వెనక్కి ఎక్కించండి. మధ్యలో ఎక్కడో విమానం మారాల్సి రావచ్చు, టికెట్టు బుక్ చేసేటప్పుడే వీల్‌ఛెయిర్ అడిగి పెట్టండి. అవసరం లేదంటారు, అయినా పెట్టండి.