మహారాజశ్రీ పోలికల పట్టిక గారికి

నమస్కారాలు. ఉభయకుశలోపరి.

తమరు నా కంప్యూటర్‌లో వెలసి ఈ నెలతో తొమ్మిది నెలలు నిండాయి. లెక్క ప్రకారం ఈపాటికి ఒక ఆన్‌లైన్ కొట్టు పుట్టి ఉండాలి. పుట్టలేదు. తమరు మాత్రం దిట్టంగా పెరిగారు: 23 వరుసలు, 41 కాలమ్‌లు, పచ్చ, పసుపు, ఎరుపు రంగులతో సంక్రాంతి ముగ్గులా కళకళలాడుతున్నారు.

ఏటికొప్పాక లక్కబొమ్మలను ఆన్‌లైన్‌లో అమ్ముదామన్నది నా సంకల్పం. 2017లో భౌగోళిక గుర్తింపు వచ్చిన బొమ్మలు, వరాహ నది ఒడ్డున తయారయ్యేవి, విశాఖ జగదాంబ కూడలిలోని నా చిన్న కొట్టు దాటి పోకూడదా అనిపించింది. ఆన్‌లైన్ కొట్టు నడిపే సాఫ్ట్‌వేర్లలో ఓపెన్ సోర్స్ వేదిక, అంటే కోడ్ అందరికీ తెరిచి ఉంచినది, ఎంచుకుంటే నెలనెలా దానికి అద్దె కట్టనక్కరలేదని విన్నాను. “ఏది మంచిదో పోల్చి చూసుకో బావా” అన్నాడు మా బావమరిది. ఆ ఒక్క మాటకు తమరు పుట్టారు: వరుసకొక వేదిక, కాలమ్‌కొక గుణం.

‘ధర’ అనే కాలమ్ గీసి కిందికంటా సున్నాలు పెట్టుకుంటూ పోయిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు, సంతోషంతో. ఇంగ్లీషులో పాపం స్వేచ్ఛకూ, ఊరికే వచ్చినదానికీ ఒకటే మాట, ‘ఫ్రీ’. వాళ్లు తికమకపడ్డారంటే క్షమించవచ్చు. రెండింటికీ వేర్వేరు మాటలున్న భాషలో పుట్టి నేనూ పడ్డాను. కోడ్‌ను చూడవచ్చు, మార్చుకోవచ్చు, నచ్చిన సర్వర్‌కు మూటగట్టుకుపోవచ్చు: లైసెన్సు ఇచ్చే వరం అంతే. సర్వర్ అద్దె, డొమైన్ పేరు, కార్డుతో చెల్లిస్తే ఆ డబ్బు చేరవేసే గేట్‌వే పట్టుకునే కమీషన్, అర్ధరాత్రి కొట్టు మూగబోతే లేచి చూసే మనిషి, ఇవేవీ అందులో లేవు. తమరి 41 కాలమ్‌లలోనూ లేవు. ఒక్కసారైనా తమరు దగ్గి గుర్తు చేయలేదు.

పైగా ఆ వేదికలకు వంశవృక్షాలు రాయించారు. 2000లో మొదలైన ఓఎస్‌కామర్స్ నుంచి జెన్‌కార్ట్ ఎలా వేరుపడింది, జిగోషాప్ కోడ్ నుంచి చీలిన ఊకామర్స్ 2011లో వెబ్‌సైట్లు కట్టే వర్డ్‌ప్రెస్ ఇంట ఎలా కాపురం పెట్టింది, 2008 నాటి మజెంటో ఎన్ని చేతులు మారి 2018లో అడోబీ గూటికి చేరింది! పెళ్లి సంబంధం చూసేవాళ్లు కూడా ఇన్ని తరాలు వెనక్కి వెళ్లరు. ఫ్రాన్సులో పుట్టిన ప్రెస్టాషాప్‌కు ‘బహుభాషలు’ కాలమ్‌లో పచ్చరంగు వేయడానికి ఒక శనివారం పట్టింది. ఆ పచ్చ ముదురా లేతా అని తేల్చుకోవడానికి ఆదివారం పోయింది.

ఒక్క మాట మాత్రం తమరి పుణ్యమే, ఒప్పుకుంటాను. మజెంటో తొలి తరానికి 2020 జూన్‌లో మద్దతు ఆగిపోయిందనీ, రెండో తరానికి మారాలంటే కొట్టుకు రూపమిచ్చే థీములు, అదనపు పనులు చేసే ఎక్స్‌టెన్షన్లు మళ్లీ చేయించుకోవలసిందేననీ తమరి దయవల్లే తెలిసింది. దాని 2.4 వెర్షన్‌కు ఎలాస్టిక్‌సెర్చ్ లాంటి వెతుకులాట యంత్రం వేరుగా కావాలని కూడా. వేల సరుకులున్నవాళ్లకు అది న్యాయమే. నా దగ్గరున్నవి 62 బొమ్మలు. మా ఆవిడ అటకెక్కి రెండు నిమిషాల్లో వెతికి ఇస్తుంది.

చివరికి ఒక వేదికను ఎక్కించి, మొదటి సరుకు చేరుద్దామని కూర్చున్నాను. ఎర్ర లక్కపిడతలు: రోలు, రోకలి, తిరగలి, పొయ్యి, కుండ, గరిటె. ‘రంగు?’ అని అడిగింది. ఎరుపు అని కొట్టాను. తీరా రెండు పెట్టెలు పక్కపక్కన పెట్టి చూస్తే ఒకటి కుంకుమ ఎరుపు, ఒకటి ఇటుక ఎరుపు. తిరుగుతున్న అంకుడు కొయ్యకు లక్క కడ్డీ ఆనిస్తే ఆ రాపిడి వేడికి లక్క కరిగి అంటుకుంటుంది. చెయ్యి ఎంత నొక్కితే అంత రంగు. ‘బరువు?’ అంది. వంటింటి త్రాసు తెచ్చాను. రెండు రోళ్లు ఒకే తూకం తూగలేదు. ‘నిల్వ?’ అంది. అప్పుడు వెలిగింది: ప్రతి పెట్టె ఒక వేరు సరుకు, దాని ఫొటో దానిదే, దాని నిల్వ ఒకటే. ఆ పని తమరి 23 వరుసల్లో చేతకానిది నాకు ఒక్కటీ కనబడలేదు!

ఆ సాయంత్రమే బొమ్మలు చేసే తాతగారు ఫోను చేశారు. “బాబూ, కొట్టు తెరిచారా? పెట్టెలు కట్టి ఉంచాను.”

“ఇంకా పోలుస్తున్నానండీ.”

“బొమ్మలనా?”

“కాదండీ, కొట్లను.”

“తెరిచేది ఒకటే కదా బాబూ?” అన్నారాయన, నిజంగానే అర్థం కాక.

పూర్ణామార్కెట్‌లో అప్పడాలు, అనకాపల్లి బెల్లం అమ్మే పిన్నిగారు ఫోనులో ఫొటోలు పంపి ఆర్డర్లు పడుతున్నారు. ఏ వేదిక మీద అమ్ముతున్నారని అడిగితే, “ఈ అరుగు మీదే నాయనా” అన్నారు. నవ్వకండి. గాజువాక పొట్లం గోపాలపట్నం వెళ్లిపోయిన రోజున ఆవిడే నన్ను పిలిచి, “చిరునామాలన్నీ ఒకచోట ఉండే ఉపాయం ఏదైనా ఉందా?” అని అడిగారు. ఉందన్నాను. ఏదన్నారు. తమరిని తెరిచి చూపించాను. ఆవిడ కళ్లజోడు సవరించుకుని, “రంగులు బాగున్నాయి” అన్నారు.

నిన్న నిర్ణయం జరిగింది. ఊకామర్స్. తమరి మార్కుల్లో అది మూడోది. ఎంవీపీ కాలనీలో ఉండే ఒక కుర్రవాడికి అది బాగా తెలుసు, పిలిస్తే పలుకుతానన్నాడు, నెలకు ఎంతో ముందే చెప్పాడు. వర్డ్‌ప్రెస్‌నూ, దానికి తగిలించే ప్లగిన్లనూ ఎప్పటికప్పుడు నవీకరించకపోతే దొంగలకు తలుపు తీసి పెట్టినట్టేనని భయపెట్టాడు కూడా. ఆ భయానికే అతన్ని కుదుర్చుకున్నాను. తమరికి 42వ కాలమ్ గీసి ‘చెడితే ఎవరు వస్తారు’ అని రాద్దామనుకున్నాను గానీ, 23 వరుసలు నింపాలంటే మళ్లీ సంక్రాంతి వస్తుంది.

ఇక తమరు విశ్రాంతి తీసుకోవచ్చు.

ఇట్లు,
తమరి విధేయుడు, బేరం లేని బొమ్మల వ్యాపారి

తా.క.: నిన్న సాయంత్రం బీచ్ రోడ్డులో ఒకాయన, “పోలండ్‌ది సిలియస్ అని ఇంకో వేదిక ఉంది, చూశారా?” అన్నారు. తమరి 24వ వరుసలో పేరు మాత్రం రాసి పెట్టాను. రంగు వేయలేదు.