14 రూపాయల న్యూట్రల్

విశాఖపట్నంలో లీటరు పెట్రోలు 110 రూపాయల చుట్టూ తిరుగుతున్న ఈ రోజుల్లో, దేశ ఇంధన భద్రతను ఒంటిచేత్తో కాపాడుతున్న మహానుభావుడొకాయన ప్రతి ఇంట్లోనూ ఉన్నారు. ఆయన స్టీరింగు ముందు కూర్చోరు, దాని పక్కసీట్లో కూర్చుంటారు. రోడ్డు కాస్త కిందికి వంగిందంటే చాలు, ఆయన కుడిచెయ్యి తనంతట తానే గేరు రాడ్డు మీదికి పాకుతుంది. ఆయన్ని న్యూట్రల్ మావయ్య అందాం.

సింహాచలం కొండ మీద దర్శనమైంది. వెనకసీట్లో ఆడవాళ్ళు, పిల్లలు, ఒళ్ళో ప్రసాదం పొట్లాలు, సంపెంగల వాసన. అల్లుడు బుద్ధిగా సెకండ్ గేరులో ఘాట్ రోడ్డు దిగుతున్నాడు. ఇంజను కొంచెం మూలుగుతోంది. ఆ మూలుగు మావయ్య చెవిలో పడగానే పర్సులోంచి నోట్లు ఎగిరిపోతున్నట్టు అనిపిస్తుంది.

"ఏటల్లుడూ, ఇంజన్నలా అరిపిస్తన్నావేటి? న్యూటల్ కొట్టీ!"

"వద్దు మావయ్యా, గేరులోనే..."

"మాకు తెలీదేటి? కొట్టీ!"

కొట్టాడు. మూలుగు ఆగింది. బండి ఊపందుకుంది. మావయ్య ముఖంలో స్వామి నిజరూప దర్శనం చేసుకున్నంత తృప్తి. ఎత్తెక్కడాన్ని మన డ్రైవర్లు 'అప్పు' అన్నారు కదా, ఆ అప్పుని డౌనులో వడ్డీతో సహా వసూలు చేస్తున్నానని ఆయన నమ్మకం.

ఇక లెక్క చూద్దాం. మావయ్య సిద్ధాంతం ప్రకారం ఎంత చప్పుడైతే అంత పెట్రోలు. కానీ ఇంజన్లోకి పెట్రోలు చిమ్మే ఇంజెక్టర్లున్న బండిలో గేరు వేసే ఉంచి ఎక్సలేటర్ మీంచి కాలు పూర్తిగా తీసేస్తే, ఇంజన్ కంప్యూటరు ఇంజెక్టర్లను మూసేస్తుంది. చుక్క పెట్రోలు పడదు. ఇంజన్ని తిప్పేది చక్రాలు, చక్రాల్ని తిప్పేది కొండ. ఆ అరుపు ఖాళీకడుపుతో అరిచే అరుపు. న్యూట్రల్ కొట్టిన మరుక్షణం చక్రాలకీ ఇంజనుకీ సంబంధం తెగిపోతుంది. అప్పుడు ఇంజను ఆగిపోకుండా తిరగాలంటే తాగాల్సిందే: చిన్న కారు ఐడిలింగులో గంటకి 0.8 లీటరు అటూ ఇటూ, ఏసీ వేస్తే ఇంకాస్త. కొండ దిగడానికి పది నిమిషాలనుకుంటే 130 మిల్లీలీటర్లు. అంటే 14 రూపాయలు. గేరులో దిగితే దాదాపు సున్నా. మావయ్య 14 రూపాయలు మిగల్చలేదు, ఒలకబోశారు. అప్పటికప్పటి మైలేజీ చూపించే గీత గేరులో కాలు తియ్యగానే చివరికంటా పోయి నిలబడితే, "మీటరు పాడైందల్లుడూ" అంటారాయన.

పాపం, ఆయన మాటకి ఒకప్పుడు ప్రాణం ఉండేది, కాదనను. ఇంజెక్టర్లు రాకముందున్న కార్బురేటర్ బండికి కాలు తీసినా ఐడిల్ జెట్టనే సన్నటి రంధ్రంలోంచి పెట్రోలు కారుతూనే ఉంటుంది. పాత టూ స్ట్రోక్ బండ్లకైతే ఆయిలు పెట్రోల్లోనే కలిసి వచ్చేది. డౌనులో గేరు మీద థ్రాటిల్ మూసి చాలాసేపు దింపితే ఆయిలందక పిస్టను పట్టేసే భయం ఉండేది, అందుకే క్లచ్ నొక్కేవారు. ఆ బండ్లు తుక్కుకెళ్ళాయి. 2020 ఏప్రిల్ 1న బీఎస్-6 కాలుష్య నిబంధనలు వచ్చాక చాలా మోటార్‌సైకిళ్ళకీ ఇంజెక్టర్లొచ్చాయి. సలహా మాత్రం ఏ తుక్కు దుకాణం వాడూ కొనక మన ముందుసీట్లోనే ఉండిపోయింది.

చిన్న వాలులో గేరు బండిని మరీ పట్టేసి, మళ్ళీ రేసివ్వాల్సి వచ్చేచోట న్యూట్రలే కొంచెం ఎక్కువ దూరం దొర్లిస్తుంది, నిజమే. పొద్దున్నే ఇంజను చల్లగా ఉన్నప్పుడు ఇంజెక్టర్లు మూసుకోకపోనూ వచ్చు. నిజంగా మిగల్చాలంటే హనుమంతవాక సిగ్నల్ ఎర్రగా కనిపించాక కూడా రేసిచ్చి, తీరా దగ్గరికొచ్చి బ్రేకు తొక్కడం మానాలి. 200 మీటర్ల ముందే కాలు తీసి, గేరులోనే దొర్లనిచ్చి, 1200 ఆర్పీఎం దగ్గర పెట్రోలు మళ్ళీ మొదలై బండి చిన్నగా ముందుకి తోసినట్టనిపించాక క్లచ్ నొక్కాలి. ఇందులో వీరత్వం లేదు, అందుకే మావయ్యకి నచ్చదు.

సింహాచలం కొండ చిన్నది. ఈ విద్య అరకు ఘాట్‌కి వెళ్తేనే నాకు ఒళ్ళు మండుతుంది. మనుషులతో కలిపి 1200 కిలోల కారు 900 మీటర్లు కిందికి దిగితే పుట్టే వేడితో 36 లీటర్ల నీళ్ళు మరిగించొచ్చు. సగం గాలీ టైర్లూ మింగాయనుకున్నా 18 లీటర్లు. గేరులో ఉంటే అందులో చాలా భాగం ఇంజను పంచుకుంటుంది. న్యూట్రల్లో మొత్తం నాలుగు చక్రాల దగ్గరే కాగుతుంది. డాట్-4 బ్రేకాయిలు కొత్తదైతే 230 డిగ్రీల దాకా మరగదు. కానీ అది తేమ పీలుస్తుంది, మనదేమో సముద్రపు గాలి. తడి పట్టిన ఆయిలుకి ప్రమాణం 155 డిగ్రీలే. రెండేళ్ళకోసారి మార్చమంటే ఎవడు వింటాడు? మరిగిన ఆయిలు ఆవిరవుతుంది, పెడలు నేలకి ఆనుతుంది, బండి ఆగదు.

మర్నాడు పేపర్లో 'బ్రేకులు ఫెయిలై' అని రాస్తారు. ఫెయిలవలేదయ్యా, వండేశారు! ఇంజను కూడా కట్టేసి దిగేవాళ్ళున్నారు. రెండు మూడుసార్లు తొక్కేసరికి బ్రేకుకి బలమిచ్చే బూస్టరులో వాక్యూమ్ అయిపోతుంది, పెడలు రాయవుతుంది, పవర్ స్టీరింగు బిగుసుకుంటుంది. తాళం చెవి లాగారా, స్టీరింగు లాకే పడుతుంది. యారాడ కొండ డౌనులో ఆటో నిండా జనాన్ని కుక్కి, చెవి తిప్పేసి, కాగిన డ్రమ్ముల మీద భారం వేసేవాణ్ణి ఏమనాలి? ఎవడి పిల్లల్ని ఏ ధరకి అమ్ముతున్నాడు? చారెడు పెట్రోలుకా? ఏ గేరులో ఎక్కావో ఆ గేరులో దిగమని ఘాట్ డ్రైవర్లు ఎప్పట్నుంచో మొత్తుకుంటూనే ఉన్నారు.

సరే, మన మావయ్య క్షేమంగానే అడివివరం చేరారు. కాలిన వాసనొస్తే "ఎవడో టైర్లు తగలెడతన్నాడు" అని అద్దం ఎత్తించారు. పనసతొనల దగ్గర బండి ఆపించి, ముందు చక్రం దగ్గర సెగ తగిలితే "ఈ కంపెనీ బ్రేకులు అంత మంచివి కావల్లుడూ" అన్నారు. అంతలో సెకండ్ గేరులో మూలుగుతూ, చుక్క తాగకుండా ఒక టాక్సీ కొండ దిగొచ్చి పక్కనుంచి వెళ్ళిపోయింది. దాన్ని మలుపు తిరిగేదాకా జాలిగా చూసి, తొన నోట్లో వేసుకుంటూ మావయ్య అన్నారు:

"ఎంత పెట్రోలు తగలేసుకున్నాడో, పాపం!"